రాయి కూడా పల్లమెరుగు

ముందు పొగ వాసన, ఆ వెనకే బెల్లం వాసన. పాకాల దగ్గర చిత్తూరు రోడ్డు దిగి, రెండు పక్కలా చెరకు తోటలున్న బండ్ల బాటలో పది నిమిషాలు నడిచారు మీరు. తెల్లవారితే భోగి. 2026 జనవరి, మంగళవారం రాత్రి ఎనిమిదిన్నర. చెవులకు తువ్వాలు చుట్టుకుంటే తప్ప నిలవలేని చలి. గానుగ కొట్టంలో అడుగు పెట్టగానే ఆ చలి ఎటు పోయిందో తెలియదు. నేలలోకి తవ్విన పొయ్యి, దాని మీద నలుగురు కూర్చునేంత వెడల్పాటి ఇనప పెనం, పెనం నిండా కుతకుతలాడే చెరకు రసం. పొయ్యి నోట్లోకి ఒకాయన ఎండిన చెరకు పిప్పిని తోస్తూనే ఉన్నాడు. తోసినప్పుడల్లా మంట లేచి అందరి మొహాలూ ఎర్రబడుతున్నాయి.

గానుగ పెద్దాయన కర్ర కొసతో చిటికెడు పాకం తీసి చన్నీళ్ల గిన్నెలో వేశాడు. రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పాడు. పాకం ఉండ కట్టలేదు, వేళ్లకు అంటుకుంది. "ఇంకా రాలే. రెండు గంటలు పడతాది" అన్నాడు. మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, అప్పటికే ఆయన చెయ్యి లాగుతోంది. "తాతా, అయివోరు గుట్ట మింద ఉండాడు. శనిగ్రహం మునిగిపోతాదంట."

పదండి, మనమూ పోదాం.

కొట్టం వెనకే గుట్ట. టార్చి వెలుగులో ఒక్కో బండ దాటుకుంటూ ఎక్కాలి. ఈ సీమలో పుట్టినవాళ్లకు ఈ గుట్టలు కొత్త కావు. ఏనుగంత రాయి, దాని మీద ఎద్దంత రాయి, ఆ పైన ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేట్టున్న ఇంకో రాయి. మనం వాటిని గుండ్లు అంటాం. గుండ్రం అన్న మాటలోనే గుండు ఉంది.

పైన చదునుగా ఉన్న బండ మీద ఊరి హైస్కూలు సైన్సు అయివోరు ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోపు నిలబెట్టుకుని ఉన్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది పిల్లకాయలు. పడమట కొబ్బరి చెట్ల తలల మీద శని వాలుతున్నాడు. కంటిని గాజుకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూడండి. పసుపుపచ్చని చిన్న బిళ్ల, దాని మీదుగా సూదిలాంటి గీత. ఆ గీతే వలయం. 2025 మార్చిలో వలయాల అంచు సరిగ్గా మనవైపు తిరిగింది, ఈ చలికాలంలోనూ ఇంకా పెద్దగా విచ్చుకోలేదు. వలయాలు సన్నబడ్డాయని చిన్నబుచ్చుకోవద్దు. అవి అడ్డం లేకపోవడంతో ఈ ఏడాది శని ఒళ్లు బాగా కనిపిస్తోంది. పళ్లెంలో పెట్టిన సంగటి ముద్ద కాసేపటికి కుంగుతుంది చూశారా, అలా పైనా కిందా అణిగి, పక్కలకు సాగి ఉంది.

తర్వాత తూర్పుకు తిప్పాడు అయివోరు. అక్కడ గురుడు. మూడు రోజుల కిందటే, జనవరి 10న, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చాడు. ఇప్పుడు మనకు 63 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కణ్ణుంచి బయల్దేరిన వెలుగు మీ కంటికి చేరడానికి 35 నిమిషాలు పట్టింది. మీరు బండ్ల బాట పట్టకముందే బయల్దేరిన వెలుగన్న మాట. రెండు గోధుమరంగు పట్టీలు, పక్కన వరసలో చుక్కల్లా ఉపగ్రహాలు.

పెద్దాయన మనవరాలు చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక మెల్లగా అంది. "సార్, గురుడు గూడా కొంచెం నలిగినట్టుండాడు."

అయివోరి మొహం చీకట్లో కనిపించదు గానీ గొంతులో సంతోషం తెలుస్తుంది. "బాగా చూసినావు మే! దాని సంగతి తర్వాత చెప్తా. ముందు ఇది చెప్పు. నలిగినట్టుందని నీకెట్ల తెలిసె? గుండ్రంగా ఉండాలని నీకెవురు చెప్పినారు?"

పిల్ల తడబడింది. పక్కనున్న పిల్లోడు అందుకున్నాడు. "అన్నీ గుండ్రంగానే ఉంటాయి గదా సార్. సూర్యుడు, చంద్రుడు, భూమి."

"అదే. ఎందుకు?"

కొట్టంలో మంట చిటపటలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. కాసేపటికి ఆ పిల్లోడే పక్కనున్న గుండు మీద అరచెయ్యి వేసి, "తిరిగి తిరిగి అరిగిపోయినాయేమో సార్, ఇదిమాదిరి" అన్నాడు.

మంచి తప్పు అది. చాలామంది పెద్దవాళ్లు కూడా అదే అనుకుంటారు. మీరు కూడా ఆ గుండు మీద చెయ్యి వేసి చూడండి. గరుగ్గా, చల్లగా ఉంటుంది. ఒకచోట ఉల్లిపొర లేచినట్టు రెండు వేళ్ల మందం పెచ్చు ఊడి ఉంది. ఇది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు జాతి రాయి. మొదట ఇది గుండు కాదు, నిలువు పగుళ్లూ అడ్డ పగుళ్లూ పడి పెట్టెల్లా విడిపోయిన దిమ్మ. పగుళ్లలోకి నీరు దిగింది. పెట్టెకు ముఖం మీద ఒకవైపు నుంచే నీరు తగులుతుంది, అంచుకు రెండువైపుల నుంచి, మూలకు మూడువైపుల నుంచి. అందుకని మూలలు ముందు చివికి రాలిపోయాయి, తర్వాత అంచులు. మిగిలింది గుండు. అంటే దీన్ని గుండ్రం చేసింది బయటి నీరు, బయటి ఎండ. భూమిని అలా బయట నుంచి చెక్కినవాళ్లెవరూ లేరు. దాని చుట్టూ ఉన్నది శూన్యం. అక్కడ వానా లేదు, వాగూ లేదు.

"మరి లోపల నుంచా సార్?" అని పిల్ల అడుగుతుండగానే కింద నుంచి కేక. "అయివోరా, పాకం దించతాండాం! పిల్లకాయల్ని తోడుకోని రా!"

ఇది చూసి తీరాలి. కంటికి గురుణ్ణి చూపించినంత శ్రద్ధగా అయివోరు పిల్లల్ని ఆ పెనం పక్కన నిలబెట్టాడు. నలుగురు మనుషులు కర్రలు దూర్చి పెనం ఎత్తి, పక్కనున్న చదును తొట్టిలోకి వంచారు. ఎర్రటి పాకం ధారగా పడింది. పడినచోట ఒక్క క్షణం గుట్టలా లేచింది, మరుక్షణం ఆ గుట్ట నాలుగు పక్కలకూ జారి మాయమైంది. పెద్దాయన గరిటెతో కొంత పాకం తీసి మళ్లీ నడిమధ్య పోశాడు. మళ్లీ గుట్ట, మళ్లీ జారుడు. ఎన్నిసార్లు పోసినా తొట్టిలో పాకం సమంగానే నిలిచింది. తర్వాత చెక్క గరిటెలతో కలియబెట్టడం మొదలుపెట్టారు. పాకం చిక్కబడింది, రంగు తేలిపోయింది, పోసిన గుట్ట జారడానికి ఎక్కువసేపు పట్టసాగింది. కాసేపటికి జారడం మానేసింది. మనుషులు చేతులతో తీసి ముద్దలు కట్టడం మొదలుపెట్టారు. ఆ ముద్దల మీద అయిదు వేళ్ల అచ్చు అలాగే మిగిలింది.

"చూసినారా" అన్నాడు అయివోరు. "వేడిగా ఉన్నప్పుడు గుట్ట నిలవలే. చల్లారినాక వేలిముద్ర గూడా నిలిచె."

నీరు పల్లమెరుగు అంటాం. పాకమూ ఎరుగు. ఎత్తున ఉన్నదానికి దిగే వీలుంటే దిగుతుంది. మరి భూమి మీద పల్లం ఎటు? భూమిలోని ప్రతి ముక్కా మిగతా ముక్కలన్నిటినీ తనవైపు లాక్కుంటుంది. ఆ లాగుళ్లన్నీ కలిసి ఎటు చూపిస్తాయంటే, నడిబొడ్డు వైపు. మీ కాళ్ల కింద పల్లం అక్కడికే, అమెరికాలో నిలబడ్డ మన ఊరి పిల్లాడికీ అక్కడికే. అన్ని పక్కల నుంచీ సరుకు ఆ ఒక్క చోటికి దిగాలని చూస్తుంది. ఎక్కడైనా ఒకచోట ఎత్తు మిగిలితే అది ఇంకా దిగవలసింది ఉందని అర్థం. పైముఖమంతా కేంద్రానికి ఒకే దూరంలోకి వచ్చాక దిగడానికి ఇక పల్లం మిగలదు. ఆ ఆకారం పేరే గోళం. దాన్ని ఎవరూ దిద్దలేదు, దిగగలిగినంత దిగి ఆగింది.

450 కోట్ల ఏళ్ల కిందట భూమి అచ్చంగా ఈ పెనమే. రాళ్లూ, చిన్న గ్రహాలంతటి ముద్దలూ వచ్చి గుద్దుకున్న వేడి, లోపలి రేడియోధార్మిక పదార్థాల వేడి కలిసి రాయి కరిగింది. ఇనుము బరువుకు అడుగుకు దిగింది, తేలిక రాయి తెట్టులా పైకి తేలింది.

"సరే సార్, అప్పుడంటే పాకం. ఇప్పుడు చల్లారి గట్టిపడింది గదా? మరి ఇప్పుడు కొండ ఎంత ఎత్తైనా నిలవాల గదా, ఈ వేలిముద్ర మాదిరి?"

ఈ ప్రశ్న అడిగిన పిల్ల పై తరగతుల్లో ఏ చదువు చదువుతుందో గానీ, ఆ చదువుకు ఆమె కావాలి. అయివోరు జవాబు నోటితో చెప్పలేదు. అందరినీ మళ్లీ గుట్ట ఎక్కించి, పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుతో బండ మీద లెక్క వేశాడు. మీరూ టార్చి పట్టుకోండి.

ఒక చదరపు సెంటీమీటరు, అంటే వేలి గోరంత జాగా. దాని మీద ఈ రాయినే కిలోమీటరు ఎత్తుకు కంబంలా నిలబెడితే బరువు 270 కిలోలు. మంచి గ్రానైటు ముక్క నలిగిపోకుండా ఎంత బరువు మోస్తుంది? ఆ గోరంత జాగాకు సుమారు 2,000 కిలోలు. భాగించండి. ఏడు కిలోమీటర్లు దాటి, ఎనిమిది కాకముందే అడుగున ఉన్న రాయి నలుగుతుంది. కొండ కంబం కాదు, దానికి విశాలమైన పాదం ఉంటుంది, చుట్టూ ఆనుకునే రాయి ఉంటుంది, కాబట్టి లెక్క అచ్చంగా ఇదే కాదు. అయినా ఎవరెస్టు 8,849 మీటర్ల దగ్గర ఎందుకు ఉందో, 80 కిలోమీటర్ల కొండ భూమ్మీద ఎందుకు లేదో ఈ బొగ్గు గీతలు చెప్పేస్తున్నాయి. ఇక లోతుకు పోతే రాయి ఎర్రగా కాలి ఉంటుంది. అక్కడ అది గట్టి రాయే గానీ, గోరు పెరిగినంత నెమ్మదిగా పారుతుంది. పెద్దాయన ఊరికే వింటూ కూర్చోలేదు. "వానాకాలంలో మూటలు ఒకదాని మింద ఒకటి పేరిస్తే అడుగు మూటలో బెల్లం ఉండలు అణిగిపోతాయి అయివోరా. పేర్చేటప్పుడు గట్టిగానే ఉంటాయి" అన్నాడు. అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. రాయి కూడా పల్లమెరుగు. దానికి బరువూ, కాలమూ చాలినంత ఉండాలి.

మరి బరువు చాలకపోతే? అయివోరు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. మచ్చలు మచ్చలుగా, గుంటలు పడిన బంగాళాదుంప. అది అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్. 2020 జులై 1న మన మంగళయాన్ తీసిన బొమ్మ. ఆ మంగళయాన్ 2013 నవంబరు 5న ఎగిరింది శ్రీహరికోట నుంచి, ఇప్పటి మన తిరుపతి జిల్లా సముద్రపు ఒడ్డునుంచి. ఫోబోస్ అడ్డం సుమారు 22 కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి చిత్తూరు దాకా కూడా రాదేమో. అంత చిన్న రాతికి తన మూలల్ని తాను లాక్కునే బలం లేదు. పుట్టుకతో ఎలా ఉందో, దెబ్బలు తిని ఎలా అయిందో అలాగే ఉంది, బెల్లం మీద వేలిముద్రలాగా. దాని పెద్దదిక్కు అంగారకుడు మాత్రం గుండ్రమే. అయితే అక్కడి ఆకర్షణ మన దాంట్లో 38 శాతమే కాబట్టి కొండలు మనకంటే ఎత్తుకు నిలుస్తాయి. ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం 22 కిలోమీటర్లు.

గుండ్రమయ్యేదానికీ కానిదానికీ మధ్య గీత ఎక్కడ పడుతుందంటే, 940 కిలోమీటర్ల అడ్డం ఉన్న మరుగుజ్జు గ్రహం సీరిస్ గుండ్రంగా ఉంది, 525 కిలోమీటర్ల గ్రహశకలం వెస్టా పూర్తిగా కుదరలేదు. మంచుతో చేసిన ముద్దయితే తొందరగా లొంగుతుంది. శని ఉపగ్రహం మైమాస్ 400 కిలోమీటర్లు కూడా లేదు, అయినా ఉండలా ఉంది. 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో కూడిన ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహం అనిపించుకోవడానికి పెట్టిన మూడు షరతుల్లో ఒకటి ఇదే, తన బరువుకు తాను గుండ్రమయ్యేంత పెద్దదై ఉండాలని. ప్లూటో ఆ షరతులో తప్పలేదు, చుట్టుపక్కల దారిని తన వశం చేసుకోవాలన్న మరో షరతులో తప్పింది.

అర్ధరాత్రి దాటింది. గురుడు దాదాపు నడినెత్తికి వచ్చాడు. మెడ వెనక్కి వంచి చూడవలసిందే. ఇప్పుడు అయివోరు బాకీ తీర్చాడు. తిరగడం వల్ల గుండ్రం రాదు, ఉన్న గుండ్రం కాస్త చెడుతుంది. అంత పెద్ద గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు. నడుము దగ్గర సరుకు బయటికి తోసుకుంటుంది. అడ్డం కొలతకూ నిలువు కొలతకూ తేడా దాదాపు 9,300 కిలోమీటర్లు. శనికి ఆ తేడా దాదాపు 11,800, మన భూమిని ఇంచుమించు అందులో పెట్టేయొచ్చు. భూమికి 43 కిలోమీటర్లే. తక్కువని తీసిపారేయకండి. ఈ బండ మీద కదలకుండా కూర్చున్న మీరు ఈ క్షణంలో గంటకు 1,600 కిలోమీటర్ల పైన వేగంతో తూర్పుకు పోతున్నారు.

ఆ 43 కిలోమీటర్ల కోసం మన నేల మీద మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసు పరంగిమలై దగ్గర గొలుసుతో మొదటి కొలత వేశాడు. పటాలు గీయడం ఈస్టిండియా కుంపిణీకి కావాలి. ఆయనకు కావలసింది భూమి ఎంత నలిగిందో తెలుసుకోవడం. అక్కణ్ణుంచి కొండ మీద నుంచి కొండ మీదికి త్రికోణాలు అల్లుకుంటూ 78వ రేఖాంశం వెంట ఉత్తరానికి నడిచాడు. 1811లో మన రాయలసీమ గుత్తి దగ్గర మళ్లీ నేల కొలిచాడు. అర టన్ను బరువున్న కోణమాపక యంత్రాన్ని ఇలాంటి గుట్టల మీదికి మోసిన కూలీల పేర్లు ఎక్కడా రాసి పెట్టలేదు. జ్వరాలతో, దెబ్బలతో పోయినవాళ్లు ఎందరో. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో పని మీదనే కన్నుమూశాడు. తర్వాత ఆ కొలత హిమాలయాల దాకా పోయింది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. అంత పెద్ద కొండలు దారానికి వేలాడే తూకపు గుండును తమవైపు లాగాలి గదా. లాగాయి గానీ, లాగవలసినంత లాగలేదు. 1855లో కలకత్తాలో ప్రాట్ అనే మతాధికారి లెక్క వేసి ఆ లోటు చూపిస్తే, ఇంగ్లండులో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కారణం చెప్పాడు. కొండ పైకి ఎంత లేచిందో అంతకు ఎన్నో రెట్లు తేలిక రాయి వేరులా కిందికి దిగి ఉంది. బరువెక్కిన పడవ నీళ్లలో లోతుకు కూరుకున్నట్టు కొండలు కింది రాతిలో తేలుతున్నాయి. హిమాలయాలు కూడా పల్లం వెతుక్కుంటూనే ఉన్నాయి.

మూడు దాటాక తూర్పున నెలవంక లేచింది. వెలగని మిగతా భాగం కూడా బూడిదరంగులో మసకగా కనిపిస్తోంది, అదీ గుండ్రమే. ఈశాన్యంలో తిరుమల కొండ మీది దీపాల కాంతి. ఎవరో సంచిలోంచి ప్రసాదం లడ్డు తీశారు. విరవబోతుంటే అయివోరు ఆపి అరచేతిలో పెట్టుకున్నాడు. భూమిని ఈ ఎనిమిది సెంటీమీటర్ల లడ్డు అనుకుంటే ఎవరెస్టు ఎంతుంటుంది? తల వెంట్రుక మందం. ఈ పైకి లేచిన బూంది గింజ రెండు మిల్లీమీటర్లు, అంటే 320 కిలోమీటర్ల కొండ. లడ్డు కంటే భూమి ఎంతో నునుపు. 499లో ఆర్యభటుడు భూమిని కదంబ పువ్వుతో పోల్చాడు, చుట్టూ కేసరాలు ఉన్నట్టు అన్ని పక్కలా ప్రాణులున్నాయని. ఆ పువ్వుకు మన లడ్డు దగ్గరి చుట్టం. తలా ఇంత తిన్నారు. చేతులకు నెయ్యి, పచ్చకర్పూరం వాసన.

కింద ఊళ్లో మొదటి భోగి మంట లేచింది. పిల్లల పలకల చప్పుడు. చెరకు ఆకుల మీద మంచు బొట్లు పేరుకున్నాయి. అవీ గుండ్రమే గానీ వాటిని పట్టి ఉంచేది ఆకర్షణ కాదు, నీటి పైపొర బిగువు. ఆ కథ ఇంకో రాత్రికి.

దిగబోయే ముందు ఆ పిల్ల బొగ్గు ముక్కతో చివరి లెక్క వేసింది. అయివోరు అంకెలు చెబుతుంటే తనే కూడింది. భూమి నడుము లావు కాబట్టి, నడుముకు దగ్గరగా ఉన్న మనం కేంద్రానికి దూరంగా ఉన్నాం. ఈ గుండు నుంచి భూమి కేంద్రానికి 6,377 కిలోమీటర్లు. ఆల్ప్స్ కొండలన్నిటిలోకీ ఎత్తైన మౌంట్ బ్లాంక్ శిఖరం, 4,800 మీటర్ల పైన మంచులో ఉన్న ఆ కొన, కేంద్రానికి 6,372 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. తిరుపతి బస్టాండులో చెప్పులతో నిలబడ్డ మనిషి దానికంటే అయిదు కిలోమీటర్లు పైన ఉన్నాడు.